ఏడో చాప మీద యూరియా

వినోద చేతుల్లో పన్నెండడుగుల వెదురు గడ ఉంది. దాని సన్నటి కొనను గడ్డికి ఆనించి ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు విసురుతూ, విసురుకొక అడుగు వెనక్కి వేస్తోంది. గడ తిరిగిన మేర మంచు రాలిపోయి, తెల్లగా మెరుస్తున్న గడ్డి మామూలు రంగుకు వస్తోంది. నాలుగో విసురుకు గడ కింద గరగరమని చప్పుడైంది.

ఇసుక అయి ఉంటుందనుకుంది. వంగి అరచేయి ఆనించింది. చేతికి తెల్లటి పూసలు అంటుకున్నాయి. సగ్గుబియ్యం కంటే చిన్నవి. కొన్ని అప్పటికే సగం కరిగి జిగటగా ఉన్నాయి. అరచేయి మెల్లగా చల్లబడసాగింది. తడిలో కరిగే యూరియా చేతిని ఎట్లా చల్లబరుస్తుందో పాతికేళ్లు పొలంలో వంగిన మనిషికి ఎవరూ చెప్పనక్కర్లేదు. తలెత్తి చూసింది. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఉన్నాయి. పిడికిలి విసిరిన చోట ఒత్తుగా, చేయి తిరిగిన చోట పలచగా. వరిమడిలో చల్లినట్టే, చేయి తిరిగిన మనిషెవరో చల్లారు.

అప్పుడే నీటి మడుగు అవతల బంతిని కొట్టిన చప్పుడు వినిపించింది. నడుముకు కట్టుకున్న వాకీటాకీ పలికింది.

"వినోదక్కా, మొదలువెట్టిండ్రు. నలుగురు. రాంచందర్ సార్ మొదటి దెబ్బ మస్తు దూరం వోయింది." ఆటగాళ్ల సంచులు మోసే నరేశ్ గొంతు అది.

"ఎంత టైమాయె?"

"ఏడున్నర."

గోదావరి ఒడ్డున, చెన్నూరుకు ఇవతల ఉంది ఆ రిసార్టు. నలభై గదులు, ఈతకొలను, కోస్తా నుంచి లారీల్లో తెచ్చి నాటిన కొబ్బరిచెట్లు. సముద్రం లేని చోట సముద్రతీరంలా కనిపించాలని యజమాని పట్టుదల. వాటి మధ్యలో తొమ్మిది గుంతల గోల్ఫ్ మైదానం. ప్రతి గుంత చుట్టూ గడ్డిని బియ్యపుగింజ ఎత్తుకు కోసి నున్నగా ఉంచిన జాగా ఒకటి ఉంటుంది. ఆటవాళ్లు దాన్ని గ్రీన్ అంటారు. దాన్ని నాటిన ఆడవాళ్లు మాత్రం చాప అన్నారు, ఆ పేరే నిలిచిపోయింది. తొమ్మిది చాపలూ మూడేళ్లుగా వినోద చేతి కింద ఉన్నాయి. ఆమెతో పాటు పదకొండుమంది ఆడవాళ్లు.

ఇకముందు కూడా ఉంటాయా లేదా అన్నది ఈ పొద్దుటి ఆటతో తేలాలి. హైదరాబాద్ నుంచి ఒక కంపెనీ మైదానం మొత్తాన్ని తన మనుషులతో చూసుకుంటానని వచ్చింది. ఇచ్చెయ్యాలో వద్దో తేల్చుకోలేక యజమాని, గోల్ఫ్‌లో జీవితమంతా గడిపిన రాంచందర్ అనే పెద్దాయనను పిలిపించాడు. ఆయన ఆడతాడు, చూస్తాడు, రాసిస్తాడు. తొమ్మిది చాపల్లో ఒక్కటి చెడినా ఆ రాతలో ఉంటుంది.

ఒక్కో గుంతకు పావుగంట లోపే పడుతుంది. ఏడోదానికి వాళ్లు చేరేసరికి తొమ్మిది. వినోద గడ పక్కన పడేసి పంపు దగ్గరికి పరుగెత్తింది.

పంపు గది ముందు మల్లన్న కూర్చొని కాలికి అంటిన బురద కడుక్కుంటున్నాడు. అరవై దాటిన మనిషి. ఊరి చెరువు కింద ముప్పై ఏళ్లు నీరటిగాడిగా చేశాడు. ఏ మడికి ఎంత నీరు, ఎప్పుడు వదలాలి, ఎప్పుడు కట్టెయ్యాలి అన్నది ఆయన పని. ఇప్పుడు రిసార్టులో వాల్వులు తిప్పుతాడు.

"కాకా, ఏడో చాప మీద యూరియా ఎవలు చల్లిండ్రు?"

మల్లన్న ముఖం విప్పారింది. "నేనే బిడ్డా. పొద్దు పొడువక ముందుగాలనే అచ్చిన. ఏడోది జర పసుపు కొట్టిందని నిన్న నువ్వే అంటివి గదా. ఇయ్యాల పెద్ద సార్లొస్తుండ్రు, మా బిడ్డ చాప పేదగ కనవడొద్దని..."

"ఏడ దొరికింది నీకు?"

"నాదే. సొసైటీ కాడ రెండు దినాలు లైన్ల చెప్పులు వెట్టి తెచ్చుకున్న బస్త. పావు బస్త దీనికి తీసిన."

ఈసారి యూరియా కోసం జనం తెల్లవారకముందే వచ్చి చెప్పులు వరసలో పెట్టి కూర్చున్నారు. అన్నదమ్ములు కూడా ఒకరికొకరు దోసెడు ఇచ్చుకోలేదు. ఆయన మడి ఇంకా పొట్టకు రాలేదు. దాని నోటి దగ్గరిది తీసి తెచ్చి ఈమె గడ్డికి పోశాడు.

"మాడిపోతది కాకా," అంది వినోద. "ఇది వరి గాదు. కింద నీళ్లు నిలువయి. ఆకుకు అంటుకున్న పూస అక్కడనే కరిగి ఉప్పోలె కాలుస్తది. ఎండ పడేదాకనే మనకు టైమున్నది."

మల్లన్న చేతిలో చెంబు అట్లాగే ఆగిపోయింది.

పదిరోజులుగా ఆ చాపకు వినోద కావాలనే ఏమీ వెయ్యలేదు. బలం పెడితే గడ్డి ఏపుగా లేస్తుంది, బంతి నిక్కి నిక్కి పోతుంది. ఆట ముందర గడ్డి కొంచెం ఆకలితో ఉండాలి, కొంచెం పాలిపోయి ఉండాలి. ఆ సంగతి ఆమెకు ఫజలుద్దీన్ నేర్పాడు. గల్ఫ్‌లో పదిహేడేళ్లు ఎడారి ఇసుక మీద గడ్డి పెంచి వచ్చిన కరీంనగర్ మనిషి. నాట్ల ముఠా పెద్దగా ఇరవై మందిని వెంటేసుకొని కూలికి వచ్చిన వినోద, గడ్డిపిలకలను బెత్తెడు బెత్తెడు ఎడంలో తాడు పట్టినట్టు నాటుతూ వెనక్కి నడవడం చూసి, నువ్వు ఉండిపో అన్నాడు. రెండేళ్లు పక్కన పెట్టుకొని కోత నేర్పాడు, గుంత తీయడం నేర్పాడు. ఎక్కువ చెప్పేవాడు కాదు. ఏదడిగినా, జర చెయ్యి పెట్టి చూడు అనేవాడు. ఆయన మోకాళ్లు అరిగి ఇంటికి పోయాక పని ఆమెకు వచ్చింది. ఆయన నేర్పింది ఆమెకు తెలుసు. మల్లన్నకు ఎవరూ చెప్పలేదు. నిన్న సాయంత్రం పసుపు కొట్టింది అని ఊరికే అన్న మాటకు తోడు, అట్లా ఉండాలె అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. అనలేదు.

"కడుగాలె," అంది. "ఇప్పుడే."

ఇద్దరూ చాప దగ్గరికి వచ్చేసరికి బ్యాటరీ బండి సర్రున వచ్చి ఆగింది. మేనేజర్ కరుణాకర్ దిగాడు. ఇస్త్రీ చొక్కా, చెవిలో ఫోను. చాప మీద పూసలు చూశాక ఫోను తీసేశాడు. విషయం రెండు ముక్కల్లో చెప్పింది వినోద.

"ఇప్పుడు నీళ్లు వెడతవా? దిమాగ్ ఉన్నదా?" అన్నాడు. "తొమ్మిదింటికి వాళ్లు ఈడుంటరు. తడి గడ్డి మీద బంతి పోతదా? బురద మీద ఆడిస్తవా ఆయనను?"

"కడుగకపోతే సచ్చిపోతది సార్."

"ఎప్పుడు?"

"రేపు మాపటికి ఎర్రబడతది. మూడొద్దులల్ల పోతది."

కరుణాకర్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఆయన సాయంత్రం కారెక్కుతడు. రేపటి సంగతి రేపు. గడ తోని పైపైన దులుపు, ఆడనియ్యి. పోయినంక ఎన్ని నీళ్లు వెట్టుకుంటవో పెట్టుకో."

ఆయన చెప్పిందాంట్లో తప్పు లెక్క ఏమీ లేదు. దులిపితే ఈ పూటకు చాప బాగానే ఉంటుంది. రాత బాగానే వస్తుంది. పదకొండుమంది పని నిలుస్తుంది. వినోద ఆ లెక్క వేసుకుంది కూడా. కానీ సాయంత్రానికి యూరియా గడ్డి వేళ్ల దాకా దిగుతుంది, అప్పుడు ఎన్ని నీళ్లయినా పనిచెయ్యవు. మళ్లీ పిలకలు తెచ్చి నాటి, బంతి దొర్లేటట్టు చేయడానికి నాలుగు నెలలు. మాడేవి ఆమె కాళ్ల కింద ఉన్నవే, ఆమె నాటిన వరసలే.

"సార్, నేను నీళ్లు వెడుతున్న," అంది. "వాళ్లొచ్చేసరికి ఆరవెడత."

"ఆరకపోతే?"

"నా పేరు రాసియ్యండ్రి."

"రాసిస్తనే గదా మరి!" అని కరుణాకర్ బండి ఎక్కాడు. ఎక్కి, ముందుకు పోకుండా అక్కడే కూర్చున్నాడు.

"అక్కా, ఒకటి అయిపోయింది. రెండోదాని మీదున్నరు," అంది వాకీటాకీ.

స్ప్రింక్లర్లు వదిలితే లాభం లేదు. అవి తుంపర కొడతాయి, పూసలను కరిగించి అక్కడే వదిలేస్తాయి. పైగా ఆరో చాప కూడా తడుస్తుంది. మల్లన్న పోయి ఆరోదాని వాల్వు బిగించాడు. రెండంగుళాల పైపు ఈడ్చుకొచ్చి ఏడో చాప ఎత్తయిన మూలన పెట్టాడు. గోనెసంచులను చుట్టచుట్టి తాడుల్లా చేసి, చాప మీద ఏటవాలుగా పరిచాడు. నారుమడిలో నీళ్లు పారించినప్పుడు ఒడ్డు ఎట్లా మలుపుతారో అట్లా. నీళ్లు పలచటి పొరలా జారాయి. సంచి దగ్గర ఆగి, మళ్లి, కిందికి పోయాయి. మునుం పట్టినట్టు ఒక పట్టీ కడిగాక సంచి అడుగున్నర జరిపాడు. నీటికి గడ్డి మీద దొర్లడానికి మాత్రమే టైమిస్తున్నాడు, నిలవడానికి ఇవ్వడం లేదు. అంచుకు దిగిన నీరు పక్కన పెరిగిన కలుపులోకి పోతోంది.

"జర ఎక్కువ వదులు కాకా!"

"వదిలితే కోస్తది. నువ్వు సంచి వట్టు."

అది ఆయన విద్య. వినోద రెండో కొస పట్టుకుంది. ఆమె ఆడవాళ్లు నలుగురు చీరలు ఎగ్గట్టి మిగతా సంచులు జరుపుతున్నారు.

"మూడు అయిపోయింది అక్కా. ఎవలు ఎక్కువ మాట్లాడుత లేరు. జల్దీ జల్దీ ఆడుతుండ్రు."

కరుణాకర్ బండి మీద నుంచి దిగాడు. "ఐదో గుంత కాడ కొబ్బరిబోండాలు కొట్టిస్త. కూసోవెడత. పది నిమిషాలన్న ఆగుతరు," అని ఎవరికీ కాకుండా అనేసి బండి తిప్పుకొని పోయాడు.

ఎనిమిదింపావుకు మల్లన్న అంచున జారే నీటిని దోసిట్లో పట్టాడు. నాలుక కొసకు తగిలించుకొని ఉమ్మాడు. పైకి పోయి ఇంకోచోట పట్టాడు. మళ్లీ ఉమ్మాడు. "ఈడ ఇంక ఉన్నది," అని ఒక మూలకు పైపు మళ్లించాడు. మూడోసారి అరచేతిలోనే చాలాసేపు ఉంచుకున్నాడు.

"సల్లదనం పోయింది. సాలు బిడ్డా."

వాల్వు మూసేసరికి తూర్పున కొబ్బరిచెట్ల మీదుగా ఎండ చాప అంచును తాకింది. కింద ఇసుక పొర ఉంది కాబట్టి లోపలి నీరు దానంతటదే దిగుతుంది. పైన ఆకుకు పట్టిన తడే ఇప్పుడు శత్రువు. గడ తీసి విసిరింది వినోద. రెండు విసుర్లకే గడ కొస నుంచి నీళ్లు కారాయి. ఇట్లా అయితే మధ్యాహ్నం అవుతుంది.

ఆమె కళ్లు ఈతకొలను వైపు పోయాయి. తువ్వాళ్లు! బట్టలుతికే గది రోజారాణిది. వాకీటాకీలో పిలిచింది.

"రోజక్కా, తువ్వాళ్లు ఎన్నున్నయ్?"

"పెద్దయా, చిన్నయా?"

"పెద్దయి. అన్నీ తే."

"అరవై ఉన్నయ్. ఇప్పుడే మడతవెట్టిన. ఎందుకు, మీ చాపకు తానం జేపిస్తుండ్రా?"

"చేపిచ్చినం. తుడువాలె."

"మేనేజర్ సార్‌కు తెలుసా?"

"తెలుస్తది తియ్యి."

రోజారాణి తోపుడుబండి నిండా మల్లెపూవులాంటి తువ్వాళ్లు తెచ్చింది. "నా చేతులు పడిపోతయే ఇయ్యాల ఉతుక్కుంట," అని తిడుతూనే ముడులు వేయడానికి కూర్చుంది. పొడుగు తాడుకు ఇరవై తువ్వాళ్లను పక్కపక్కన కట్టారు. చెరో కొస ఇద్దరిద్దరు పట్టుకొని చాప మీద ఈడ్చుకుంటూ నడిచారు. తువ్వాలు పోయిన మేర గడ్డి రంగు మారింది. నానిపోయిన తువ్వాళ్లు విప్పి పొడివి కట్టారు. మళ్లీ ఈడ్చారు. మల్లన్న తాడు కొస పట్టుకోబోతే వినోద ఆపింది. "నీ చెప్పులకు చాప మీద గుంటలు పడతయ్ కాకా, విడువు." ఆయన చెప్పులు విడిచి, గడప దాటినట్టు మెల్లగా చాప ఎక్కాడు.

"అక్కా." నరేశ్ గొంతు ఇప్పుడు గుసగుస. "కొబ్బరిబోండాలు వద్దన్నడు రాంచందర్ సార్. ఆట నడుమ తాగడట. కరుణాకర్ సార్ గిలాసలు వట్టుకొని నిలవడ్డడు. ఐదు అయిపోయింది."

అంటే పది నిమిషాలు రాలేదు. ఆరోది చిన్న గుంత, ఒక్క దెబ్బ దూరం.

అప్పుడు చూసింది వినోద గుంత వైపు. జెండా కట్టె నీటిలో నిలబడి ఉంది. చేయి పెట్టి నీళ్లు తోడితే అంచు మట్టి మెత్తబడి ఒకవైపు జారింది. ఆ అంచు మీద బంతి తిన్నగా లోపలికి పడదు. కొత్త గుంత తీయాలి.

గుంత తీసే పనిముట్టు గుండ్రటి ఇనుప గొట్టం, పైన అడ్డపిడి. కోపు అంటారు దాన్ని. ఎక్కడ పెట్టాలో కంటితో చూడలేదు. మోకాళ్ల మీద పాకుతూ అరచేత్తో ఒత్తుకుంటూ పోయింది. మల్లన్న పైపు పెట్టిన మూలకు కొంచెం ఇవతల, ఎత్తు మీద, నేల గట్టిగా తగిలింది. నీళ్లు అక్కడి నుంచే ముందు దిగిపోయాయి. కోపు నిలబెట్టి పిడి మీద బరువంతా వేసి తిప్పింది. నిటారుగా దిగాలి. కొంచెం వంగినా గుంత వంకరపోతుంది. సగం దిగాక తడి ఇసుక పట్టేసింది. లాగితే లోపలి ముద్ద విరిగి జారిపోతుంది, విరిగితే పాత గుంత పూడ్చడానికి ఏమీ ఉండదు. ఊపిరి బిగబట్టి, లాగకుండా, తిప్పుతూ తిప్పుతూ వేలెడు వేలెడు పైకి తెచ్చింది.

ముద్ద నిండుగా వచ్చింది.

పాత గుంతలో బంతి పడే గిన్నెను బయటికి తీసి, ముద్దను రెండు చేతులతో పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తి అందులో కూర్చోబెట్టింది. మడమతో ఒత్తింది. అరచేయి రాసి చూసింది. గోరు మందం ఎత్తు. ఇంకొకసారి ఒత్తింది. కొత్త గుంతలో గిన్నె దించుతుండగా, బంతి వస్తోంది తప్పుకోండని ఆటవాళ్లు అరిచే అరుపు దూరంగా వినిపించింది.

"ఫోర్!"

తలెత్తేలోపే బంతి ఆమెకు రెండు బారల దూరంలో ధప్‌మని పడింది. పడ్డచోట చిన్న పల్లం చేసి, ఎగిరి, నాలుగడుగులు దొర్లి ఆగింది. ఆడవాళ్లు తాడూ తువ్వాళ్లూ గుంజుకొని పొదల వెనక్కి పరుగెత్తారు. వినోద కదల్లేదు. గిన్నె దించడం పూర్తి చేసింది. అంచు మీద వేలు తిప్పింది. లేచి, జెండా చేతిలో పట్టుకొని చాప అవతలికి నడిచింది. ఆ బంతి వైపు చూడకుండా నడవడం కష్టమైంది.

మిగతా మూడు బంతులూ పడ్డాయి. నలుగురూ నడిచి వచ్చారు. ముందు తెల్లజుట్టు మనిషి, రాంచందర్. వెనక సంచితో నరేశ్. అంతకంటే వెనక బండిలో కరుణాకర్, పక్కన నాలుగు గిలాసలు.

రాంచందర్ చాప అంచున ఆగాడు. ఒంగి అరచేయి ఆనించాడు. తిప్పి చూసుకున్నాడు.

"నీళ్లెప్పుడు వెట్టిండ్రు?"

కరుణాకర్ గొంతు సవరించుకున్నాడు. "సార్, అది రాత్రి వాన..."

"వాన పడలే. ఆరూ పొడిగనే ఉన్నయ్, చూసి వచ్చిన నేను." ఆయన వినోద వైపు తిరిగాడు.

"అరగంట కాలే సార్," అంది వినోద. "యూరియా ఎక్కువ వడ్డది. కడిగినం."

"ఎవరు చల్లిండ్రు?"

పొదల దగ్గర మల్లన్న ఒక అడుగు ముందుకు వేశాడు. వినోద ఆయన కంటే ముందే జవాబిచ్చింది. "చాప నా చేతి కిందిది సార్. చల్లొద్దని చెప్పవలసింది నేను, చెప్పలే. ఇప్పుడు బంతి జర నిదానంగ పోతది. చూసి కొట్టుండ్రి."

రాంచందర్ గుంత చుట్టూ ఒక తిరుగు తిరిగాడు. పూడ్చిన పాత గుంత మీద బూటుతో తట్టి చూశాడు. తర్వాత కర్ర తీసుకొని, బంతికీ గుంతకూ మధ్య చాలాసేపు చూసి కొట్టాడు. బంతి తిన్నగానే పోయింది. ఎక్కడా ఎగరలేదు. గుంతకు జానెడు ముందు ఆగింది.

కరుణాకర్ కళ్లు మూసుకున్నాడు.

"చెప్పనే చెప్పింది," అన్నాడు రాంచందర్ తన పక్కనున్న ఆటగాడితో. "నేను వినలే." దగ్గరికి పోయి బంతిని గుంతలోకి నెట్టాడు. అది గిన్నెలో పడ్డ చప్పుడు పొదల దాకా వినిపించింది.

మిగతా ముగ్గురూ ఆడేదాకా ఆయన గడ్డిపోచ ఒకటి గిల్లి వేళ్ల మధ్య నలిపి చూస్తున్నాడు.

"మాడుతదా?" అని అడిగాడు.

"మూల మీద ఆకుకొస జర ఎర్రబడొచ్చు సార్. నడుమ ఏం గాదు."

"వారం తర్వాత ఫొటో పంపాలె. నా నంబరు రాసుకో."

కరుణాకర్ గబగబా ఫోను తీశాడు. రాంచందర్ చేయి అడ్డం పెట్టాడు. "మీరు కాదు. చాప ఎవరిదో ఆమె రాసుకోవాలె. వచ్చే వారం, ఆ పై వారం గూడ."

వినోద చేయి కొంగుకు తుడుచుకొని ఫోనులో నంబరు కొట్టుకుంది. పై వారాలకు కూడా చాప ఆమె చేతి కిందే ఉంటుందన్న ఆ మాట కరుణాకర్ కూడా విన్నాడు. కంపెనీ మాట ఇక ఎవరూ ఎత్తలేదు. ఆయన గిలాసలు అందించబోతే రాంచందర్ ఈసారి ఒకటి తీసుకున్నాడు.

నలుగురూ ఎనిమిదో గుంత వైపు సాగారు. వాళ్ల తర్వాత ఆడే రెండో గుంపు అప్పటికే దూరంగా వచ్చి, ఎప్పుడు కొట్టాలా అని చూస్తూ నిలబడి ఉంది. వినోద వంగి బంతులు చేసిన నాలుగు పల్లాలనూ చిన్న కొయ్యపుల్లతో చుట్టూ లోపలికి ఒత్తి అరచేత్తో చదును చేసింది. మల్లన్న మర్చిపోయిన గోనెసంచి అంచున ఉంటే తీసి చంకన పెట్టుకుంది. జెండా తెచ్చి గుంతలో నిలిపింది. నిటారుగా ఉందో లేదో రెండు పక్కల నుంచి చూసి, చాప దిగి, అవతల నిలబడ్డవాళ్లకు రమ్మని చెయ్యి ఊపింది.